పెద్దావిడ జ్ఞాపకాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంటికి పెద్దదిక్కుగా ఉన్న మామ్మ, అమ్మమ్మ, అవ్వ, జేజి గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఏడింటిని ఎంచుకున్నాం. కొందరికి ఆవిడ ఇంకా ఎదురుగానే ఉన్నారు. కొందరికి ఈ మధ్యే దూరమయ్యారు. అందరూ అడిగింది ఒకటే, ఏది ఎలా దాచుకోవాలని. మా జవాబులన్నిటి వెనకా ఒక్క పట్టుదల ఉంది: ఆవిడ ఏ మాటతో చెప్పారో, ఏ కొలతతో కొలిచారో, ముందు అలాగే రాయండి. మీ లెక్క దాని పక్కన రాసుకోండి. ఆవిడ మాట మీద మాత్రం దిద్దకండి.

ప్రశ్న: మా మామ్మ ఆధార్‌ కార్డులో పుట్టినరోజు 1940 జనవరి 1 అని ఉంది. ఆవిడేమో "నేను పార్థివలో, ఊడ్పులప్పుడు పుట్టాను" అంటుంది. "నయాపైసలు వచ్చిననాటికి నాకు పన్నెండో ఏడు" అని కూడా అంటుంది. మేం లెక్కేస్తే తారణ వస్తోంది. సహస్ర చంద్ర దర్శనం చేయాలనుకుంటున్నాం. ఏది నమ్మాలి? – తెనాలి

మామ్మ మాటే నమ్మండి. తేదీ చెప్పలేని పెద్దవాళ్ళకి కార్డు రాసేటప్పుడు వయసు ఉజ్జాయింపుగా వేసి జనవరి 1 అని పెట్టేయడం చాలా చోట్ల జరిగింది. ఆ తేదీకి పుట్టుకతో సంబంధం ఉండదు.

తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి. ప్రభవ 1927–28లో వచ్చింది, మళ్ళీ 1987–88లో వచ్చింది. 1927 నుంచి వరసగా లెక్కపెట్టుకుంటే ప్రమోదూత 1930–31, యువ 1935–36, బహుధాన్య 1938–39, తారణ 1944–45, పార్థివ 1945–46, సర్వజిత్తు 1947–48. పార్థివ 1945 ఏప్రిల్‌ నడిమిలో మొదలై 1946 ఏప్రిల్‌ తొలిరోజుల్లో ముగిసింది. మీ వైపు ఊడ్పులంటే జులై, ఆగస్టు. అంటే 1945 జులై–ఆగస్టు.

ఇప్పుడు నయాపైసలు, అంటే రూపాయికి వంద పైసల లెక్కలో వచ్చిన కొత్త నాణేలు. అవి చెలామణిలోకి వచ్చింది 1957 ఏప్రిల్‌ 1న. మీ లెక్క తప్పింది ఇక్కడే. "పన్నెండో ఏడు" అంటే పన్నెండు నిండాయని కాదు, పదకొండు నిండి పన్నెండు నడుస్తోందని. మీరు నిండినట్టు లెక్కేశారు, అందుకే ఒక ఏడు వెనక్కి జరిగి తారణలో పడ్డారు. 1945 ఆగస్టులో పుట్టిన పిల్లకి 1957 ఏప్రిల్‌లో సరిగ్గా పన్నెండో ఏడే నడుస్తుంది. ఆవిడ చెప్పిన రెండు మాటలూ అతికినట్టు సరిపోయాయి. పెద్దవాళ్ళు వయసు చెప్పినప్పుడల్లా "నడుస్తున్నదా, నిండినదా" అని అడగడం అలవాటు చేసుకోండి.

ఇంకా రూఢి చేసుకోవాలంటే తేదీ తెలిసిన సంగతులు అడగండి. విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడింది 1942 ఏప్రిల్‌ 6. గాంధీగారు పోయింది 1948 జనవరి 30. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబరు 1. చైనా యుద్ధం 1962 అక్టోబరు, నవంబరు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. స్కైలాబ్‌ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని ఊళ్ళు హడలిపోయింది 1979 జులై. పట్టపగలు చీకటి పడిన సంపూర్ణ సూర్యగ్రహణం 1980 ఫిబ్రవరి 16. "అప్పటికి పెళ్ళయిందా? చంకలో ఎవరున్నారు?" అని అడిగితే సంవత్సరం దానంతటదే బయటికొస్తుంది. పుష్కరాలతో లెక్కేసేవాళ్ళు మాత్రం జాగ్రత్త. గోదావరికి 1991, 2003, 2015లో, కృష్ణకి 1992, 2004, 2016లో వచ్చాయి. కానీ పుష్కరాలకి ఆధారమైన బృహస్పతి చుట్టు తిరిగి రావడానికి పన్నెండేళ్ళకి కొంచెం తక్కువే పడుతుంది. అందుకని బాగా వెనక్కి వెళ్ళేకొద్దీ పన్నెండేసి తీసేస్తూ పోతే ఒక ఏడాది తేడా రావచ్చు. పాత పంచాంగం చూసుకోవాల్సిందే.

కాగితం దొరుకుతుందేమో కూడా వెతకండి. పురుళ్ళు రాసుకునే చోట్లు కొన్ని ఉండేవి: పాత పంచాంగం అట్ట వెనక, పెద్దబాలశిక్ష ఖాళీ పేజీ, రామాయణం మొదటి పుట, ట్రంకుపెట్టె మూత లోపలివైపు.

సహస్ర చంద్ర దర్శనానికి కావాల్సిన వెయ్యి పున్నముల లెక్క ఇదీ. పున్నమికీ పున్నమికీ మధ్య సగటున 29.53 రోజులు. వెయ్యింటికి 29,530 రోజులు, అంటే 80 ఏళ్ళ 10 నెలలు. కొందరు 83 ఏళ్ళ 4 నెలలు అంటారు. అది అధికమాసాలు వదిలేసి ఏడాదికి పన్నెండే పున్నములని 1000ని 12తో భాగించిన లెక్క. మీ మామ్మకి 2026 జూన్‌ ప్రాంతంలో వెయ్యి నిండుతాయి. ముహూర్తం మీ పురోహితులతో పెట్టించుకోండి. 83 నిండాక చేద్దామని మాత్రం వాయిదా వేయకండి.

ప్రశ్న: మా నాయినమ్మ పేరు మీద ఉన్న పాత భూమి కాగితంలో "1352 ఫస్లీ" అని ఉంది. అది ఏ సంవత్సరం? – జగిత్యాల

ఫస్లీ అంటే భూమిశిస్తు లెక్కల సంవత్సరం. దానికి 590 కలపండి. 1942–43. నిజాం రాజ్యంలో ఫస్లీ అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి 1942 అక్టోబరు నుంచి 1943 అక్టోబరు వరకు అనుకోండి. కోస్తా, రాయలసీమ అడంగళ్ళలో కనిపించే ఫస్లీ జులై 1న మొదలవుతుంది, కలపాల్సింది 590నే. నాయినమ్మ గుర్తుంచుకున్నవి "రజాకార్ల గడబిడ" లాంటి మాటలైతే అవి 1947–48. పోలీస్‌ యాక్షన్‌ 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా. ఒక సంగతి: ఆవిడ చెప్పే పాత రూపాయలు నిజాం రాజ్యపు సొంత నాణేలైన హాలీ సిక్కాలు కావచ్చు. ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు బ్రిటిషు రూపాయలకి సమానం. "పెండ్లికి ఏడువందలు ఖర్చయింది" అంటే ఏ రూపాయలో అడిగి రాసుకోండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. అమ్మమ్మకి తొంభై దాటాయి, పొన్నూరు దగ్గర పల్లెలో ఉంది. వీడియో కాల్‌లో తన కబుర్లు రికార్డు చేస్తున్నాను కానీ మాట తెగిపోతోంది. పైగా "నాదేముందే చెప్పడానికి" అని దాటేస్తోంది. – డాలస్‌

మాట తెగడం నెట్‌ వల్ల. అమ్మమ్మ దగ్గర రెండో ఫోన్‌ పెట్టించండి. మీరు వీడియోలో మాట్లాడుతుంటే, అక్కడున్న మీ తమ్ముడో పిన్నో ఆ రెండో ఫోన్‌లో వాయిస్‌ రికార్డర్‌ ఆన్‌ చేసి అమ్మమ్మకి జానెడు దూరంలో పెడతారు. నెట్‌ ఎలా ఉన్నా అందులో ఆవిడ గొంతు నిండుగా పడుతుంది. ఆ ఫోన్‌ ఎయిర్‌ప్లేన్‌ మోడ్‌లో ఉండాలి, లేకపోతే మధ్యలో ఎవరో ఫోన్‌ చేస్తారు, రికార్డింగు ఆగిపోతుంది. ఫోన్‌ని ఉత్త బల్ల మీద పెడితే గ్లాసు పెట్టిన చప్పుడు కూడా ఉరుములా వినిపిస్తుంది. తువ్వాలు నాలుగు మడతలు వేసి దాని మీద పెట్టమనండి. సీలింగు ఫ్యాను ఆపాలి. ఉక్కగా ఉంటే పక్క గదిలో ఫ్యాను వేసి తలుపు తీయండి. టీవీ, మిక్సీ సరే, అందరూ మరిచిపోయేది ఫ్రిజ్‌. అది ఉన్న గదిలో కూర్చోబెడితే రికార్డింగంతా సన్నటి రొద.

వేళ: అమ్మమ్మ కాఫీ తాగాక పొద్దున్న ఏడున్నర బాగుంటుంది. అప్పటికి మీకు వేసవిలో ముందురోజు రాత్రి 9, చలికాలంలో 8. ఒకసారికి నలభై నిమిషాలు చాలు. ఆ తర్వాత పెద్దవాళ్ళు అలిసిపోయి పొడిపొడిగా మాట్లాడతారు, మీకు దక్కేది తక్కువ.

రికార్డింగు ఫైలు రకాల్లో ఎం4ఏ అయితే నిమిషానికి సుమారు 1 ఎంబీ పడుతుంది, వేవ్‌లో 5 ఎంబీ. చోటుంటే వేవ్‌లోనే చేయండి. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా జత చేసి పంపమనండి. ఫైలు పేరులో తేదీ ముందు ఉండాలి: 2026-01-14-అమ్మమ్మ-పుట్టిల్లు. అలా అయితే ఫైళ్ళు వాటంతటవే వరసలో నిలబడతాయి. మూడు నకళ్ళు ఉంచండి, వాటిలో ఒకటి వేరే ఇంట్లో, వేరే ఊళ్ళో ఉండాలి.

ఇక "నాదేముంది". "నీ జీవితం గురించి చెప్పు" అంటే ఎవరైనా అదే అంటారు. అడగాల్సింది ఇల్లు. "నువ్వు పుట్టిన ఇంట్లోకి వీధి గుమ్మంలోంచి వచ్చాననుకో, కుడిపక్క ఏముంటుంది?" అని మొదలుపెట్టండి. అరుగు, సావిడి, నట్టిల్లు, వంటిల్లు, పెరడు, నుయ్యి, గొడ్లచావిడి వరకు ఆవిణ్ణే నడిపించమనండి. అక్కడున్నవాళ్ళు కాగితం మీద గీస్తూ పోవాలి. "కాదు కాదు, రోలు అక్కడ కాదు" అని ఆవిడ దిద్దడం మొదలుపెట్టిందంటే ఇక మీరు అడగక్కర్లేదు. గేదె పేరేమిటి, నీళ్ళు ఎవరు తోడేవారు, రాత్రి దీపం ఎక్కడ పెట్టేవారు, తొలిసారి సినిమాకి ఎవరు తీసుకెళ్ళారు, అత్తగారింటికి వచ్చిన రోజు రాత్రి కూర ఏమిటి. ఇలాంటి ప్రశ్నకి పెద్ద కథే వస్తుంది.

"గుర్తుందా?" అనే మాట వాడకండి. గుర్తులేకపోతే ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది. ఫొటోనో ఇత్తడి చెంబునో చేతిలో పెట్టి "ఇది ఎక్కడిది?" అనండి. ఒకే కథ రెండుసార్లు రెండు రకాలుగా చెబితే రెండూ ఉంచండి, ఏది నిజమని నిలదీయకండి. "ఇది ఎవరికీ చెప్పకు" అని మొదలుపెడితే రికార్డరు ఆపేసి, ఆపేశానని ఆవిడకి చెప్పండి. ఆ నమ్మకం వల్లే మిగతాదంతా చెబుతుంది.

ప్రశ్న: మా బామ్మ ఆవకాయ మాకెవ్వరికీ రావడం లేదు. కొలత అడిగితే "నా గిద్దతో కొలిచి, కంటితో చూసి వెయ్యాలి" అంటుంది. ఈ వేసవికి రాసుకోవాలని ఉంది. ఎలా? – రాజమహేంద్రవరం

ఆవిడని కొలవమనకండి. కొలవమంటే చెయ్యి తడబడుతుంది, కలపడం మారిపోతుంది. ఆవిడ పని ఆవిడని చేసుకోనివ్వండి, డబ్బాలు మీరు తూచండి.

కలపడానికి ముందు కారం డబ్బా, ఆవపిండి డబ్బా, ఉప్పు జాడీ, మెంతుల డబ్బా, నూనె క్యాను ఒక్కొక్కటీ తూచి రాయండి. ముక్కలు తుడిచి ఆరబెట్టాక ఎన్ని కిలోలో తూచండి. బామ్మ తన ఇష్టం వచ్చినట్టు కలుపుతుంది. అయ్యాక అవే డబ్బాలు మళ్ళీ తూచండి. మొదటి తూకంలోంచి రెండోది తీసేస్తే జాడీలోకి వెళ్ళిందెంతో తెలుస్తుంది. డిజిటల్‌ త్రాసు ఉంటే పది గ్రాముల తేడాతో పట్టేసుకోవచ్చు.

నూటికి తొంభైమంది ఇక్కడే ఒక పొరపాటు చేస్తారు. మొదటిరోజు తూకంతో ఆపేస్తారు. ఆవకాయ మూడో రోజు తిరగకలుపుతారు కదా, ముక్కలో నీరు బయటికొచ్చి, పిండి నూనె పీల్చుకుని ఉంటుంది. ఆ రోజు ఆవిడ ఉప్పు నాలుక మీద వేసుకుని చూసి ఒక చారెడు కలుపుతుంది, ముక్క మీద వేలెడు తేలేదాకా నూనె పోస్తుంది. అసలు నూనె సగం ఆ రోజే పడుతుంది. మొదటిరోజు లెక్కతో పెట్టినవాళ్ళది పైన ఎండిపోయి బూజు పడుతుంది. కాబట్టి నూనె, ఉప్పు మూడో రోజు కూడా తూచాలి. తూచేదాకా ఇంట్లో ఇంకెవరూ ఆ నూనె క్యాను ముట్టకూడదు.

మీకొచ్చిన లెక్క సబబుగా ఉందో లేదో చూసుకోవడానికి: కిలో ముక్కలకి ఆవపిండి 150 నుంచి 200 గ్రాములు, కారం దాదాపు అంతే, ఉప్పు 130 నుంచి 170, నువ్వులనూనె మొత్తం మీద 250 నుంచి 350 గ్రాములు. మీ బామ్మది దీనికి కొంచెం అటూ ఇటూ ఉంటే కంగారుపడకండి. అది మీ ఇంటి రుచి. బాగా దూరంగా ఉంటే తూకంలో ఎక్కడో జారింది.

గిద్ద సంగతి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని వరస చాలా చోట్ల ఒకటే. కానీ ఒక ఊరి గిద్ద ఇంకో ఊరి గిద్దంత ఉండదు. బజారులో కొత్త గిద్ద కొనకండి. ఆవిడ గిద్దని త్రాసు మీద పెట్టి అంకెని సున్నా చేసి, అంచుదాకా నీళ్ళు పోయండి. ఎన్ని గ్రాములో అన్ని మిల్లీలీటర్లు. తర్వాత బాగా తుడిచి ఆరనిచ్చి, అదే గిద్దతో ఆవిడ కారం తీసినట్టే తీయమని తూచండి. తలకొట్టి తీస్తారో, గోపురంగా తీస్తారో రాయండి. ఆ రెంటికీ మధ్య తేడా పిడికెడు ఉంటుంది.

ఉప్పు దగ్గర ఇంకో చిక్కు. బామ్మ వేసేది ఎండబెట్టి దంచిన రాళ్ళ ఉప్పు. అందులో ఖాళీలు ఉంటాయి, అందుకని గిద్దెడు తూచితే తక్కువ తూగుతుంది. మీరు ప్యాకెట్‌ మెత్తటి ఉప్పు అదే గిద్దతో వేస్తే బరువెక్కువ పడి ఆవకాయ ఉప్పుకషాయం అవుతుంది. అందుకే ఉప్పుని కొలతలో కాదు, గ్రాముల్లో రాసుకోండి, ఏ ఉప్పో కూడా రాయండి. ఆవాలు మిక్సీలో పడితే కొద్దికొద్దిగా, ఆపి ఆపి తిప్పండి. జారు వేడెక్కిందంటే పిండి చేదెక్కుతుంది.

రాసేటప్పుడు రెండు వరసలు పెట్టండి. ఎడమపక్క ఆవిడ మాట: "కారం రెండు గిద్దలు తలకొట్టి, ఒక పిడికెడు పైన." కుడిపక్క మీ గ్రాములు. రేపు మామిడికాయ మారినా, కారం మారినా, ఎడమపక్క మాటే మీ పిల్లలకి దారి చూపిస్తుంది. పాత పుస్తకంలో "వీశెడు" అని కనిపిస్తే అది 120 తులాలు, సుమారు 1.4 కిలోలు. తులం అంటే 11.66 గ్రాములు, ఇప్పటి బంగారం కొట్టు లెక్కలో 10 కాదు.

ప్రశ్న: నాయినమ్మ పెండ్లి ఫొటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. స్టూడియోవాళ్ళు నీళ్ళల్లో నానబెడితే వస్తుందంటున్నారు. – వరంగల్‌

నానబెట్టకండి. పాత నలుపు తెలుపు ఫొటో మీద ఉన్న బొమ్మ జిలాటిన్‌ అనే జిగురు పొరలో ఉంటుంది. చెమ్మకి అది మెత్తబడి అద్దాన్ని పట్టుకుంటుంది. లాగితే ముఖమే అద్దానికి ఉండిపోతుంది, నీళ్ళల్లో వేస్తే పొర కరిగి జారవచ్చు. అతుక్కున్నదాన్ని అలాగే ఉంచి అద్దంలోంచే నకలు తీయండి.

ఫ్రేము వెనక మేకులు నెమ్మదిగా ఎత్తి, అట్ట తీసి, అద్దాన్ని ఫొటోతో సహా బయటికి తీయండి. అద్దం ముందువైపు కొద్దిగా తడి చేసిన మెత్తటి గుడ్డతో తుడవండి. ద్రవం స్ప్రే చేయకండి, అంచులోంచి లోపలికి పోతుంది. పలచటి చవక స్కానర్లు తమ అద్దానికి ఆనుకున్నదాన్నే స్పష్టంగా చూస్తాయి, మధ్యలో ఇంకో అద్దం ఉంటే మసకబారుతుంది. లోతుగా ఉండే పాత రకం సీసీడీ స్కానరు అయితే బాగా వస్తుంది. లేకపోతే కెమెరాతో: కిటికీ వెలుతురు పక్కనుంచి పడేట్టు పెట్టి, కెమెరా వెనక నల్లగుడ్డ అడ్డం పట్టుకోండి. అప్పుడు అద్దంలో మీ నీడ కనబడదు. ఫ్లాష్‌ వద్దు. స్కాను 600 డీపీఐలో చేస్తే ఆరు అంగుళాల ఫొటోకి 3600 పిక్సెళ్ళు వస్తాయి, గోడకి పెద్దది వేయించుకోవడానికి సరిపోతుంది.

ఫోన్‌ యాప్‌లతో రంగులద్ది, ముఖం "మెరుగు" చేసి పంపుతున్నారు చాలామంది. ఆ యాప్‌ కళ్ళు, పెదాలు తను ఊహించి గీస్తుంది. అది మీ నాయినమ్మ ముఖం కాదు. సరదాకి చేసుకుంటే చేసుకోండి, అసలు స్కాను మాత్రం విడిగా, ముట్టకుండా దాచండి.

విడి ఫొటోల వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిలుతో, అంచున, నొక్కకుండా. బాల్‌పెన్ను గీత ముందువైపు ముఖం మీద గాడిలా తేలుతుంది. జిగురు పేజీల ఆల్బమ్‌లు ఉంటే వాటిలోంచి ఫొటోలు తీసేయండి, ఆ జిగురు ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. గట్టిగా పట్టుకున్నవాటి కింద పళ్ళ సందుల్లో వాడే సన్నదారం అటూ ఇటూ ఆడిస్తూ జరిపితే వస్తాయి. రామబాణం పురుగుకి ఫొటో మీది జిగురంటే ఇష్టం. బీరువాలో గోడకి ఆనకుండా పెట్టండి.

ప్రశ్న: అమ్మమ్మ పోయి రెండు నెలలైంది. నేత చీరలు పద్నాలుగు ఉన్నాయి. మనవరాళ్ళం ఐదుగురం. బొంతలు కుట్టించుకుందామనుకుంటున్నాం. ఎన్ని చీరలు పడతాయి? – విజయనగరం

మంచి ఆలోచన. ఒక మనిషి బొంతకి రెండు చీరలు చాలు. ఐదున్నర మీటర్ల చీరని పొడవుకి మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, చీర పన్నా అంత వెడల్పు వస్తుంది. అంటే ఒక చీరకే మూడు పొరలు, రెంటికి ఆరు. అంతకు మించితే సూది దిగదు. ఐదుగురికి పది. మిగిలిన నాలుగూ కొయ్యకండి, తలా కొన్నాళ్ళు కట్టుకోండి.

ముందు గంజి పూర్తిగా పోయేదాకా ఉతకండి, గంజి ఉంటే పురుగు పడుతుంది. అన్నీ ఒకేసారి ఉతికి ఎండలో ఆరేయండి, ముడుచుకునేది ముందే ముడుచుకుంటుంది. చిరుగు ఉన్న భాగం లోపలి మడతలోకి వేయండి. ఆవిడ ఎక్కువ కట్టిన చీర పైపొరగా ఉండాలి. నేల మీద పరిచి, చేత్తో మడతలు దులిపి, జానకొకటి చొప్పున పెద్ద టాకాలు వేయండి. టాకాలు నడిమధ్యలోంచి అంచులకి పోవాలి. అంచునుంచి మొదలుపెడితే గుడ్డంతా మధ్యకి పోగై బుడగలా లేస్తుంది, మళ్ళీ విప్పాల్సిందే. తర్వాత రెండు పేటల నూలు దారంతో వడ్లగింజంత కుట్టు, వరసకీ వరసకీ బొటనవేలు వెడల్పు. మిషను కుట్టు వద్దు. పాత నేత గుడ్డ మిషను సూది పోటుకి గీత వెంట చినుగుతుంది.

పట్టుచీరలు బొంతలో వేయకండి, జరీ గీరుతుంది, పట్టు మడతల్లో విరుగుతుంది. పలచటి తెల్ల నూలుగుడ్డలో చుట్టి, మూడు నెలలకోసారి మడత మార్చి పెట్టండి. ప్లాస్టిక్‌ కవరు, సెంటు, జరీకి తగిలేలా కలరా ఉండలు, మూడూ వద్దు.

ఆవిడ వాసన పోకుండా ఒక చీర ఉతక్కుండా దాచుకోవాలని మీలో ఎవరికైనా ఉంటే అది తప్పేం కాదు. చెమట మరక ఏడాది తిరిగేసరికి పసుపెక్కి గుడ్డని తింటుంది కాబట్టి మంచి చీర బదులు ఆవిడ భుజాన వేసుకునే తువ్వాలు దాచండి. పొడిగా ఉన్నప్పుడు జిప్‌ కవర్లో పెట్టి గాలి తీసేయండి.

ప్రశ్న: మా జేజి తొంభై మూడేండ్లకు పోయింది. పెద్దకర్మకు ఒక చిన్న పుస్తకం వేసి పంచాలని ఉంది. వంశవృక్షం కూడా పెట్టాలి, కానీ మాలో మేనరికాలు ఎక్కువ, గీసిన గీతలన్నీ చిక్కుపడుతున్నాయి. ఎనిమిది రోజులే ఉంది. – కడప

ముందు వంశవృక్షం. మేనరికంలో ఒకే మనిషి రెండు కొమ్మల్లో వస్తాడు: జేజికి తమ్ముడు, మళ్ళీ అల్లుడు. గీతలతో తంటాలు పడకుండా ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఇవ్వండి, ఒక మనిషికి ఒకే సంఖ్య. రెండోచోట పేరు రాయకుండా "17 చూడండి" అని వేయండి. చిక్కంతా విడిపోతుంది.

జేజి పేరు పేజీ నడుమ ఉండాలి. ఎడమపక్క పుట్టినింటివాళ్ళు, కుడిపక్క మెట్టినింటివాళ్ళు. మామూలుగా వేసే వృక్షాల్లో ఆమె "ఫలానావారి భార్య"గా ఒక మూల మిగిలిపోతుంది, ఆమె అమ్మ పేరు ఎక్కడా ఉండదు. ఇది ఆమె పుస్తకం. ఆమె అమ్మ, అవ్వ పేర్లు, పుట్టింటి ఇంటిపేరు తప్పకుండా వేయండి. ఆమెకు రెండు పేర్లు ఉండినాయేమో తోబుట్టువులను అడగండి. అత్తగారి పేరే కోడలికీ ఉంటే ఇంట్లో పిలవలేక వేరే పేరు పెట్టడం ఉండేది. కాగితాల్లో ఒకటి, ఊళ్ళో ఒకటి ఉంటే రెండూ రాయండి. బిడ్డల లెక్క అడిగేటప్పుడు "ఎంతమంది ఉండారు" కాదు, "ఎంతమందిని కనింది" అని అడగండి. పురిట్లో పోయిన బిడ్డలకు కూడా వరసలో చోటు ఉండాలి.

పుస్తకం: ఏ4 కాగితం సగానికి మడిచి మధ్యలో పిన్ను కొట్టే సైజు చాలు. పేజీలు నాలుగుతో భాగించబడాలి, 16 పెట్టుకోండి. 14 పేజీల మాటరు తెస్తే రెండు ఖాళీ వస్తాయి, వాటిలో మనవళ్ళు మునిమనవళ్ళు రాసుకోవడానికి గీతలు వేయించండి. ఫొటో పేజీ వెడల్పంతా రావాలంటే కనీసం 1750 పిక్సెళ్ళు ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు చిన్నవైపోయి ఉంటాయి, అసలు ఫైలు తెప్పించుకోండి.

తెలుగు అక్షరాల దగ్గర జాగ్రత్త. మీరు ఫోన్‌లో టైపు చేసేది యూనికోడ్‌. చాలా ప్రెస్సులు వాడేది "అను" అనే పేరున్న ఫాంట్లు, అవి యూనికోడ్‌ కావు. మార్చేటప్పుడు వత్తులు జారతాయి, క్ష, రకారం వత్తు, పొల్లు హల్లులు చెదురుతాయి, అవీ ఎక్కువగా ఇంటిపేర్లలోనే. మండలి లాంటి యూనికోడ్‌ ఫాంటుతో మీరే పేజీలు కట్టి పీడీఎఫ్‌గా ఇవ్వండి, మార్చే పనే ఉండదు. వాళ్ళే కంపోజు చేస్తామంటే ప్రూఫు కాగితం మీద తెప్పించుకోండి, ఫోన్‌ తెరమీద చూసి సరే అనకండి.

రోజుల లెక్క: మూడో రోజుకు రాత పూర్తి, నాలుగో రోజు పేర్లు సరిచూడటం, ఐదో రోజు ప్రెస్సుకు, ఆరో రోజు ప్రూఫు, ఏడో రోజు సాయంత్రానికి పుస్తకాలు చేతికి. ఎనిమిదో రోజు ఏదో ఒకటి ఆలస్యమవుతుంది, దానికి వదిలేయండి. ప్రూఫు ఇద్దరు చూడాలి. ఒకరు తెలుగు బాగా వచ్చినవారు, ఇంకొకరు పుట్టింటి వైపు ముసలాయనో ముసలామెనో. పేరు తప్పు పడిందని, మనవరాలి పేరు మరిచారని బాధపడేది ఆ రోజే, ఆ పందిట్లోనే. వృక్షంలో ఉన్న సంఖ్యలు ఒక్కొక్కటీ పుస్తకంలో ఉన్నాయో లేదో టిక్కు పెట్టుకుంటూ పోండి.

ఆమె పోయిన తేదీ వేసేచోట తెలుగు సంవత్సరం, మాసం, పక్షం, తిథి, పోయిన గంట, అన్నీ వేయండి. వచ్చే ఏటి సాంవత్సరికం తిథినిబట్టి వస్తుంది. ఇంగ్లీషు తేదీ ఏటా పదీ పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది, అధికమాసం వచ్చిన ఏడు ముందుకు దూకుతుంది. ఒకే రోజులో తిథి మారుతుంది కాబట్టి గంట లేకపోతే ఏ తిథో తేలక పదేళ్ళ తర్వాత అన్నదమ్ములు చెరో రోజు పెట్టుకునే పరిస్థితి వస్తుంది. గంట ఇప్పుడు అందరికీ గుర్తుంది. ఈ రోజే రాసిపెట్టండి.